చర్లలో కొట్టు తెరిచిన నా బుజ్జికి

భద్రాచలం

బుజ్జీ,

నువ్వు పంపిన ఫొటోలు మీ నాన్నకు చూపిస్తే, ఆయన కళ్లజోడు సవరించుకుని బోర్డు మీది అక్షరాలు రెండుసార్లు పైకి చదివి, నాతో ఒక్క మాటా అనకుండా బయటికెళ్లి వీధిలో కనబడ్డ ప్రతివాళ్లకూ మా అమ్మాయి చర్లలో మందుల కొట్టు పెట్టిందని చెప్పొచ్చారు. నేను మాత్రం ఆయన పడుకున్నాక ఆ ఫొటోలు మళ్లీ తీసి, గోడకు తగిలించిన నీ డి.ఫార్మ్ సర్టిఫికెట్టూ, కొత్త అద్దాల అల్మరాలూ, కౌంటరు వెనక నవ్వుతూ నిలబడ్డ నువ్వూ, అన్నీ ఒక్కొక్కటిగా వేలితో పెద్దవి చేసుకుని చూశాను. చూస్తూ చూస్తూ నీ కుడిచేతి పక్కన, లేవకుండానే అందే వరుసలో, గజ్జికీ తామరకూ అని జనం అడిగి పట్టుకుపోయే ఆ మూడు మందులు కలిపిన ట్యూబులు వరుసగా పేర్చి ఉండటం కనబడింది, అప్పటినుంచీ మనసు మనసులో లేదు, అందుకే ఫోనులో చెప్పకుండా కూర్చుని రాస్తున్నాను. ఫోనులో అయితే నువ్వు సరే అమ్మా అంటావు, బేరం వస్తుంది, పెట్టేస్తావు.

ఏజెంటు వచ్చి స్కీము ఇస్తానని ఉంటాడు, కొత్త కొట్టు కదా, నువ్వూ తీసుకుని ఉంటావు, అందులో నిన్ననేదేమీ లేదు. కానీ ఆ ట్యూబులో ఏముందో నాకంటే నీకే బాగా తెలుసు, నువ్వు చదువుకున్నావు. బూజు మందు కొంచెం, చీముకు వేసే మందు కొంచెం, ఆ రెండిటినీ మింగేసేలా స్టీరాయిడు. అదీ మామూలుది కాదు, క్లోబెటసాల్, స్టీరాయిడు పూతల్లో అన్నిటికన్నా గట్టిది. తామర ఉన్న చోట అది రాస్తే రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, దురద పోతుంది, రాసుకున్నవాళ్లు దేవుడిచ్చిన మందు అనుకుంటారు, ఎందుకంటే దురద అనేది మన ఒళ్లు ఆ బూజుతో చేసే పోట్లాట, స్టీరాయిడు ఆ పోట్లాటను ఆపుతుంది కానీ బూజును ఆపదు. అడ్డుకునేవాళ్లు లేకపోయేసరికి అది చర్మం పైపొరలో తాపీగా పాకుతుంది. ట్యూబు అయిపోయిన వారానికి రూపాయి బిళ్లంత ఉన్నది అరచేయంత అవుతుంది, అంచు చెరిగిపోయి అసలది తామరేనా అని డాక్టరుకే అనుమానం వస్తుంది. మళ్లీ ట్యూబు, మళ్లీ తగ్గడం, మళ్లీ రావడం. కొట్టుకు మాత్రం మంచి బేరమే.

నీకు గుర్తుందో లేదో, నువ్వు ఆరో తరగతిలో ఉన్నప్పుడు దుమ్ముగూడెం అవతల ఒక ఊరికి నాతో వచ్చావు, నేను పిల్లలకు టీకాలు వేసే రోజు. అక్కడ కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల అందరూ వెళ్లేదాకా గోడవారగా నిలబడి, చివరికి నన్ను గుడిసె వెనక్కి పిలిచి, లంగా బొందు కట్టుకునే చోట చూపించింది. నడుం చుట్టూ వడ్డాణంలా తామర, తొడల సందుల్లో చర్మం పలచబడిపోయి చారలు చారలుగా చీలి ఉంది, పురుడు పోసుకున్నవాళ్లకు పొట్టమీద వచ్చే చారల్లా, ఆ పిల్లకింకా కాన్పే కాలేదు. ఊళ్లో సంచి పట్టుకు తిరిగే వైద్యుడు ఇచ్చిన ట్యూబును మొగుడికి తెలియకుండా ఏడాది పైగా రాసుకుందట. తామర తగ్గించగలిగాం, ఏరియా ఆసుపత్రికి నేనే వెంటబెట్టుకుని తీసుకొచ్చాను, కానీ ఆ చారలు పోలేదు, పోవు కూడా. ఆ పిల్ల చీర సవరించుకుంటూ సిగ్గుతో తల దించుకుంటే నువ్వు పక్కనుంచి వచ్చి, ఏమీ అర్థంకాకపోయినా, నీ చేతిలోని బిస్కెట్టు పొట్లం దానికిచ్చావు. నువ్వు అట్లాంటి పిల్లవు. కౌంటరు వెనక నిలబడ్డా ఆ పిల్లే ఉండాలి.

ఆ స్టీరాయిడు పూతల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో గట్టిగా ఉత్తర్వు ఇచ్చింది, పద్నాలుగు రకాల్ని ఒకేసారి షెడ్యూలు హెచ్‌లోకి తెచ్చింది. చర్మవైద్యుల సంఘం వాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకుంటే అది జరిగింది. కాగితం మీద ఉన్నది కొట్టులో ఉండాలంటే నీలాంటి వాళ్లు ఉండాలి. ముఖం తెల్లబడుతుందని పెళ్లికాని పిల్లలు అవే పూతలు అడుగుతారు, మొదటి నెల తెల్లబడినట్టే ఉంటుంది, ఆ తర్వాత మొటిమలు, ముఖమంతా మంట, ఎండలోకి వస్తే ఎర్రగా కమిలిపోవడం, కొందరికి బుగ్గల మీద వెంట్రుకలు. మానేద్దామంటే ముఖం భగ్గుమంటుంది కాబట్టి మానలేరు. అడిగిన పిల్లకు లేదని చెప్పి ఊరుకోకు, కూర్చోబెట్టి చెప్పు. నువ్వూ చామనఛాయ దానివే, నీ నోటినుంచి వింటే నమ్ముతారు.

మరి తామరకు ఏమివ్వాలంటావు, నువ్వే చదివావు గనక నేను చెప్పేది మందు పేరు కంటే మందు ఇచ్చే పద్ధతి. ఒట్టి క్లోట్రిమజోల్, ఒక శాతంది, చవకది, రోజుకు రెండు పూటలు. అందరూ చేసేది, తగ్గగానే ఆపేయడం. మచ్చ కనబడకుండా పోయాక కూడా ఇంకో రెండు వారాలు రాయాలని, మొత్తం మీద నెల పడుతుందని, మచ్చ మీదే కాదు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు బాగున్న చర్మం మీద కూడా రాయాలని చెప్పు, ఎందుకంటే బూజు కంటికి కనబడే అంచుకంటే ముందే నడుస్తుంటుంది. ఎంత రాయాలో అడిగితే చూపుడు వేలి చివరి కణుపు మీద ట్యూబునుంచి ఒక గీత తీసి చూపించు, అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. తలలో పట్టింది, గోళ్లకు పట్టింది పూతతో పోదు, వాటికి మాత్రలు కావాలి, వాళ్లను ఆసుపత్రికి పంపడమే. ఈమధ్య మన దేశంలో టెర్బినఫిన్‌కు కూడా లొంగని తామర ఒకటి బాగా పాకింది, దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు కూడా పెట్టారు, పేరులోనే మన దేశం కూర్చుంది. మందును సగంలో వదిలేయడం, స్టీరాయిడు కలిపి రాసుకోవడం, ఇవన్నీ దానికి దారి వేశాయని డాక్టర్లు అంటారు. కాబట్టి నెల రాసినా తగ్గలేదని ఎవరైనా తిరిగొస్తే నువ్వు ఇంకో ట్యూబు చేతిలో పెట్టకు, భద్రాచలం బస్సెక్కమని చెప్పు.

బట్టల సంగతి కూడా. ముసురు పట్టిన రోజుల్లో మన వైపు బట్టలు ఆరవని నీకు తెలియంది కాదు, దండెం మీద మూడు రోజులు వేలాడినా తడి పోదు, ఆ తడి లుంగీయే కట్టుకుని పొలానికి పోతారు, అదే తువ్వాలు ఇంట్లో నలుగురూ తుడుచుకుంటారు. ఎవరి తువ్వాలు వాళ్లది, లోబట్టలు తిరగేసి ఎండలో వేసుకోవడం, ఎండ లేనప్పుడు ఇస్త్రీపెట్టె. ఇస్త్రీపెట్టె లేని ఇళ్లే ఎక్కువ, తెలుసు, అప్పుడు పొయ్యి దగ్గర కట్టిన దండెమైనా సరే. ఇంత చిన్న మాట చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు, ఆ ఓపిక నీకు మీ నాన్న దగ్గర్నుంచి వచ్చింది.

ఇక గజ్జి. దీని గురించి ఎంత రాసినా నాకు తక్కువే అనిపిస్తుంది, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను పోరాడింది మలేరియాతోనూ దీనితోనూ. మలేరియా కోసం జీపులు వచ్చేవి, మందు చల్లేవాళ్లు వచ్చేవాళ్లు, గజ్జి కోసం ఎవరూ రారు, దానివల్ల ఎవరూ చచ్చిపోరు కదా అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2017లో గానీ దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చలేదు. కానీ రాత్రంతా గోక్కునే పిల్లవాడు పొద్దున్న బడిలో నిద్రపోతాడు, అయ్యవారు సోమరి అంటాడు. గోకిన చోట చీము పడుతుంది, ఆ చీములోని క్రిమివల్ల కొన్నాళ్లకు ఒంటికి నీరొచ్చి, మూత్రం ఎర్రగా పోసి, మూత్రపిండాలు దెబ్బతిన్న పిల్లలు కూడా ఉన్నారు. పిల్ల మొహం ఉబ్బిందని తల్లి తీసుకొస్తే నేను ముందు చూసేది ఆ పిల్ల వేళ్ల సందులే.

మిర్చి కోతలప్పుడు చూడాలి. సంక్రాంతి దాటాక ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలు ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, నడిచి కూడా మన వైపు వస్తాయి, చర్ల, వెంకటాపురం చేలల్లోనూ, ఖమ్మం దాకానూ. చేని గట్టునే టార్పాలిన్ డేరాలు, చలికి ఒక్క దుప్పటిలో ఐదారుగురు. ఆ దుప్పటిలో ఒకరికి గజ్జి ఉంటే ఎండాకాలం వచ్చేసరికి డేరా మొత్తానికి. ఒకరి తర్వాత ఒకరికి ఎందుకు వస్తుందో వాళ్లకు అంతుబట్టేది కాదు, ఎందుకంటే కంటికి కనబడని ఆ పురుగు చర్మంలో చేరాక, మొదటిసారి పట్టినవాళ్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. దురద లేనివాడు నాకేం లేదంటాడు, మందు రాసుకోడు, నెల తర్వాత బాగైన వాళ్లకు వాడే మళ్లీ అంటిస్తాడు. బుజ్జీ, నేను నీకు ఈ ఉత్తరం మొత్తంలో ఒక్క మాట గట్టిగా చెప్పాలంటే అదే: గజ్జికి మందు ఒకరికి ఇవ్వకు, ఇంటిల్లిపాదికీ ఇవ్వు, ఒకే రాత్రి రాసుకునేట్టు ఇవ్వు.

ఐదు శాతం పెర్మెత్రిన్ అయితే పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 30 గ్రాముల ట్యూబు దాదాపు పట్టేస్తుంది, పిల్లలకు అంతకన్నా తక్కువ. స్నానం చేసి ఒళ్లు బాగా ఆరి చల్లబడ్డాక, మెడ దగ్గర్నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల సందులు, గోళ్ల కింద, బొడ్డు, చంకలు, మర్మాంగాలు, ఏదీ వదలకుండా. దురద ఉన్న చోటే రాసుకుంటారు జనం, అక్కడే వస్తుంది తంటా. రాత్రి రాసి పొద్దున్న కడగాలి, 8 నుంచి 14 గంటలు ఉండాలి, మధ్యలో చేతులు కడుక్కుంటే చేతులకు మళ్లీ రాయాలి, వారం తర్వాత ఇంకోసారి. చంటిపిల్లలకు తలకూ ముఖానికీ కూడా, కళ్లూ నోరూ తప్పించి. రెండు నెలలు నిండని పసివాళ్లకు మాత్రం నీ అంతట నువ్వు ఇవ్వకు, డాక్టరు చూడాలి, వాళ్లకు గంధకం పూత వేరే ఉంటుంది. ఆ రాత్రి వాడిన బట్టలూ దుప్పట్లూ వేడినీళ్లలో ఉడికించడం, కట్టెలు లేకపోతే మూటగట్టి మూడు నాలుగు రోజులు ఎవరూ ముట్టకుండా పక్కన పడెయ్యడం, ఒంటి వేడి తగలకపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకంటే బతకదు.

ఇంకోటి, దీన్ని చెప్పకుండా ఎవర్నీ పంపకు. పురుగు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. అది చెప్పకపోతే మందు పనిచేయలేదని రోజూ రాసేస్తారు, ఒళ్లు మండి కొత్త దురద వస్తుంది, ఆ దురదకు మళ్లీ ఆ ట్యూబు. మేం ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ చాలా ఏళ్లు బెంజైల్ బెంజోయేట్ ఉండేది, ఆ మంటకు పిల్లలు కిలోమీటరు వినబడేట్టు ఏడ్చేవాళ్లు. నువ్వు చిన్నప్పుడు నా వెంట వచ్చినప్పుడు, నేను రాస్తుంటే వెనకాలే కూర్చుని ఆ పిల్లల వీపుల మీద ఉఫ్ ఉఫ్ అని ఊదేదానివి, నీ బుగ్గలు నొప్పెట్టేదాకా, ఆశ్రమ పాఠశాల ఆయమ్మ నిన్ను ఫ్యాను అని పిలిచేది. అట్లా ఊదిన పిల్లలే ఇప్పుడు నీ కొట్టుకు తమ పిల్లల్ని ఎత్తుకుని వస్తారు, వాళ్లకు నువ్వు గుర్తుండకపోవచ్చు, వాళ్ల ఊళ్లు నీకు గుర్తుండాలి.

ఇంట్లో ఆరుగురుంటే ఆరు ట్యూబులు కొనే డబ్బు వాళ్ల దగ్గర ఉండదు. ఒకటి కొని ఆరుగురూ తలా కాస్త రాసుకుంటారు, ఎవరికీ తగ్గదు. అప్పుడు నువ్వు ఆ ఒక్క ట్యూబు అమ్మి డబ్బా మూసేయకుండా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ఆ ఊరి ఆశా కార్యకర్తకో ఫోను చెయ్యి, సర్కారు మందు ఉన్నప్పుడు ఉచితంగానే ఇస్తారు. బేరం పోతుంది. పోనీ. మనకు ఇల్లుంది, మీ నాన్న పెన్షనుంది, నా పెన్షనుంది, కొట్టు అద్దె ఒకటి రెండు నెలలు కుదరకపోతే మేం చూసుకుంటాం, ఆ మాట అడగడానికి నువ్వు మొహమాటపడతావని తెలిసే ముందే రాస్తున్నాను.

మిర్చి కోసినవాళ్లు చేతులు మండుతున్నాయని కూడా వస్తారు, ఏ పూతా అక్కర్లేదు వాళ్లకు. ఆ కారం నీళ్లకు పోదు, నూనెకు పోతుంది, ముందు మంచినూనె బాగా పట్టించి తుడిచి, తర్వాత సబ్బుతో కడగమను. ఆ చేత్తో చంటిపిల్లల్ని ఎత్తుకోవద్దని, కళ్లు నలుపుకోవద్దని చెప్పు. నల్లజీడి కొట్టేవాళ్లు వేరు, ఆ రసం పడ్డ చోట బొబ్బలు లేచి కాలినట్టే అవుతుంది, వెంటనే సబ్బునీళ్లతో కడుక్కోవాలి, బొబ్బలు చిదపకూడదు, కాలమైన్ రాయొచ్చు, ముఖం మీద గానీ పడితే ఆసుపత్రే. మోకాళ్ల నొప్పులకని జీడి పెట్టుకుని పుండు చేసుకొచ్చే ముసలివాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లను కసరకు.

అడవి మందుల్ని మాత్రం తీసిపారెయ్యకు బుజ్జీ. నువ్వు చదువుకున్నావన్న ధీమాలో ఒక్కోసారి ఆ మాట తూలడం నేను విన్నాను. కోయ పెద్దలు తామరకు మెట్టతామర ఆకు నూరి రాస్తారు, ఆ ఆకులో బూజును ఆపే గుణం ఉందని పరీక్షల్లోనూ తేలింది. కానుగ నూనె, వేప నూనె, మడమల పగుళ్లకు ఇప్ప నూనె, అవన్నీ వాళ్ల తాతల కాలంనుంచీ ఒంటికి తెలిసినవి. నువ్వు చదువుకునే రోజుల్లో ఒక పరిశోధన నాకు చదివి వినిపించావు, 1992లో అచ్చయింది, 814 మందికి గజ్జి మీద వేపాకూ పసుపూ నూరి రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో నయమైందని, అప్పుడు నీ కళ్లు ఎంత మెరిశాయో. ఇప్ప నూనె రాసుకునే ముసలమ్మకు వాజెలిన్ అమ్మాల్సిన పని లేదు. పుండు మీద పేడ, బూడిద, బ్యాటరీలోని నల్లపొడి, ఇట్లాంటివి పెడుతుంటే మాత్రం చెప్పు, మెల్లగా చెప్పు, ఇంటికొచ్చిన పెద్దమ్మతో ఎట్లా మాట్లాడతావో అట్లా.

వానాకాలం మొదలైంది, గోదావరి వైపు చూసినప్పుడల్లా నాకు భయమే. 1986లో నీళ్లు 75.6 అడుగులకు వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త, నువ్వింకా పుట్టలేదు. 2022 జూలైలో 71.3 వచ్చినప్పుడు నువ్వు నాతోనే ఉన్నావు, పునరావాస కేంద్రంలో వరుసగా కూర్చున్నవాళ్ల కాళ్లు చూశావు కదా, బురదనీళ్లలో నానీ నానీ వేళ్ల సందులు తెల్లగా పాచిపోయి, చర్మం ఊడి వస్తుంటే నువ్వు మోకాళ్ల మీద కూర్చుని పాత చీర ముక్కతో ఒక్కొక్క వేలు తుడిచావు. అక్కడ ఒక పెద్దాయన, తన కాళ్లు ఆడపిల్ల ముట్టుకోవడమా అని వెనక్కి లాక్కుంటే, నువ్వు తాతా ఒక్క నిమిషం అని మళ్లీ ముందుకు లాక్కున్నావు. ముందు ఆరబెట్టడం, తర్వాతే మందు, తడి మీద పూసిన మందు ఇంకా నానబెడుతుంది. ఆ పని నీకు నేను చెప్పలేదు, నువ్వే చేశావు. చక్కెర జబ్బు ఉన్నవాళ్ల కాలిపుండును మాత్రం ఒక్కరోజు కూడా కొట్టు మందులతో నెట్టుకురానివ్వకు.

ఇంకొక్క భయం ఉంది. మచ్చ చూపించి ట్యూబు అడిగినవాళ్లందరికీ అడుగు, దురద ఉందా అని. దురద ఉంటే ఎక్కువగా తామరో గజ్జో. పొట్టు రాలుతూ వీపు మీదా ఛాతీ మీదా తెల్లగా చిన్న చిన్న మచ్చలైతే శోభి, అది పెద్ద జబ్బు కాదు, మందు రాసినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుందని చెబితే చాలు. దురదా లేదు, నొప్పీ లేదు, రంగు తగ్గిన మచ్చ, అట్లాంటిది కనబడితే కొంచెం దూది తీసి సన్నగా పేని, వాళ్లను కళ్లు మూసుకోమని, మచ్చ మీదా మచ్చ పక్కనా తాకించి ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించమను. చూపించలేకపోతే ఏ పూతా ఇవ్వకు. అది కుష్ఠు అయ్యుండొచ్చు. ఆ మాట కౌంటరు మీద అందరి ముందూ అనకు, చీటీ రాసి ఆరోగ్య కేంద్రానికి పంపు, మందు ఉచితం, 6 నెలలో 12 నెలలో వాడితే పోతుంది. మా అమ్మ కాలంలో డాప్సోన్ మాత్రలు ఏళ్లకేళ్లు మింగేవాళ్లు, ఊరి బయట గుడిసెల్లో. మూడు మందుల వైద్యం 1983 తర్వాత వచ్చింది, ఆ మార్పు కళ్లారా చూసిన తరం మాది.

మా శిక్షణలో ట్యూటరమ్మ ఇంకోటి చెప్పేది, ఈ గోదావరి ఏజెన్సీలో ఒకప్పుడు కొండరెడ్ల పిల్లలకూ కోయ పిల్లలకూ ముఖం నిండా, కాళ్ల నిండా పుండ్లు వచ్చేవట, యాస్ అనే జబ్బు. ఎన్ని ఆకులు నూరినా, ఎన్ని పూతలు పూసినా మానేది కాదు, ఒక్క పెన్సిలిన్ సూదితో మానేది. 1952 నుంచీ ఊరూరూ తిరిగి వేశారు, ఆ తర్వాత కూడా మిగిలిన చోట్ల వెతికి వెతికి వేశారు, 2003లో చివరి కేసు, 2016లో దేశంలో అది లేదని ప్రకటించారు. అడవిలో నడిచివెళ్లి, గుడిసె గుడిసెకూ వంగి, ప్రతి పిల్ల చర్మం చూసినవాళ్లు ఎవరో మనకు పేర్లు కూడా తెలియవు. నువ్వు వాళ్ల బాపతు అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, నువ్వు చిన్నప్పుడు చేతిలో జెన్షన్ వయొలెట్ సీసా పట్టుకుని, వేళ్లన్నీ ఊదారంగు చేసుకుని నా వెనక నడిచినప్పటి నుంచీ.

ఒక పని చెబుతాను, చెయ్యి. ఆ ట్యూబుల్ని ముందు వరుసలోంచి తీసి చీటీ మందుల అల్మరాలో తాళం వేసి పెట్టు, ఏజెంటుకు మిగిలినవి వెనక్కి ఇచ్చెయ్యి, తీసుకోకపోతే ఆ నష్టం నా మీద రాయి. రెండోది, కొట్టులో వెనక మూల ఒక స్టూలు వేసి, దాని ముందు పర్దా కట్టు. సంత రోజున గుంపు మధ్యలో ఏ ఆడదీ తొడ మీది మచ్చ చూపించదు, మగవాళ్లూ చూపించరు, పేరు చెప్పి ట్యూబు అడిగి పోతారు, నువ్వు చూడకుండా ఇవ్వాల్సి వస్తుంది, తప్పులన్నీ అక్కడే పుడతాయి. మూలకు పిలిచి, లైటు వేసి, సిగ్గుపడకక్కా అని నువ్వంటే చూపిస్తారు. ముట్టి చూడాల్సి వస్తే చేత్తో ముట్టుకో, ముట్టుకున్నాక సబ్బుతో కడుక్కో, కానీ వాళ్లు బయటికి వెళ్లాక కడుక్కో, వాళ్ల కళ్ల ముందు కాదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయ ఆడవాళ్లు వస్తే వాళ్ల మాట నీకు పూర్తిగా రాదు, వాళ్లలో తెలుగు వచ్చిన పిల్ల ఎవరైనా వెంట ఉంటే ఆ పిల్లను కూడా లోపలికి పిలువు, ఎన్ని రోజులు రాయాలో నేలమీద గీతలు గీసి చూపించు.

పర్దాకు గుడ్డ తీశాను, మందపాటిది, ముదురు ఆకుపచ్చ, మరక కనబడదు. ఆ మూల వెడల్పూ, కడ్డీ ఎంత ఎత్తులో బిగిస్తావో కొలిచి రేపు సాయంత్రంలోగా చెప్పు, కుట్టి ఆర్టీసీ కార్గోలో వేయిస్తాను. అందులోనే నువ్వడిగిన మామిడికాయ పచ్చడి కూడా పెడుతున్నాను, సీసా నిలువుగా తియ్యి. రాత్రిళ్లు దుకాణం ఎనిమిదికే మూసెయ్యి, ఆ రోడ్డు సంగతి నీకు తెలుసు.

మీ అమ్మ